మొదటి రకం ధ్యానం

నవంబరు 3, సోమవారం. ఉదయం 5.00
లేచాను! అలారం కంటే ముందే!
ఈ రోజు నుంచి ఇరవై ఒక్క రోజులు ధ్యానం. కారణం ఉగ్గాని, అదే బొరుగుల ఉప్మా. మొన్న మా ఆవిడ మల్లేశ్వరి చేసిన ఉగ్గాని నోట్లో పెట్టుకుని, చుట్టాలందరి ముందు "మూడో రకం" అనేశాను. అలవాటు. ఆదోని మార్కెట్ యార్డులో ఇరవై ఆరేళ్లుగా పత్తిని రెండు వేళ్ల మధ్య లాగి, పింజ పొడవు చూసి, రకం చెప్పడమే నా పని. ఆమె సంచి సర్దుకుని ఎమ్మిగనూరులో అక్క ఇంటికి వెళ్లిపోయింది.
"నేనేమన్నా యార్డుకొచ్చిన పత్తి మూటనా? ఇరవై ఒక్క దినాలు దేనికీ రకం సెప్పకుండా ఉండు. అప్పుడొస్తాను."

ఉదయం 7.30
కల్యాణ మంటపంలో తొలి తరగతి. నేర్పేది మధు సార్, రిటైరైన పోస్టుమాస్టరు. ధ్యానం వేదకాలం నాటిదట. బుద్ధుడు శ్వాసను గమనించమన్నాడట. ఇక్కడ పుట్టి చైనా, జపాను దాకా వెళ్లిందట. మా యార్డుకు మాత్రం రాలేదు.
ప్రయోజనం: దేన్నైనా ఉన్నది ఉన్నట్టు చూడటం. మంచిదని, చెడ్డదని తీర్పు చెప్పకపోవడం. నా కోసమే పెట్టినట్టుంది!

నవంబరు 4
పద్ధతులు:
శ్వాస పది దాకా లెక్కపెట్టాలి. నేను నలభై దాకా వెళ్లాను. "పది చాలు రంగన్నా" అన్నాడు సార్.
దీపాన్ని రెప్ప వేయకుండా చూడాలి. కళ్ల వెంట నీళ్లు. పక్కాయన భక్తి అనుకున్నాడు.
ఓంకారం. మధ్యలో ఆవలింత.
చిన్ముద్ర. బొటనవేలు, చూపుడువేలు కలపాలి. ఇది మాత్రం ఇట్టే కుదిరింది. పత్తిని పట్టుకునేదీ ఇలాగే.

నవంబరు 7
బామ్మర్ది వీరేష్ పెద్దకడుబూరు నుంచి వచ్చాడు. చేతిలో దిండు. వాళ్ల చేలో పత్తి, మల్లేశ్వరి కుట్టు.
"కింద కూకుంటే నీకు మోకాళ్లు నొస్తాయంట బావా. అక్క పంపింది."
ఏడుపొచ్చింది. ఆమె లేని ఇల్లు నాకు బాగాలేదు.

నవంబరు 10
6.40కి లేచాను. పత్తి సీజను కదా, అలసట.
మధు సార్ గొంతు రెండో రకం. (డైరీలో రాస్తే చెప్పినట్టు కాదు. చెప్పడం నోటి పని.)

నవంబరు 13
పడుకుని ధ్యానం. అదీ ఒక పద్ధతేనట. కళ్లు తెరిచేసరికి 8.15.
హోటల్లో ఉగ్గాని, బజ్జీ. ఒక్క మాట అనలేదు! మొహం చూసి హోటలాయనే క్షమాపణ చెప్పాడు.

నవంబరు 16, ఆదివారం
ఇవాళ తరగతికి ఇంటివాళ్లు కూడా రావచ్చు. మల్లేశ్వరి వచ్చింది! నా వెనక వరుసలో కూర్చుంది. నా కింద దిండు చూసి నవ్వింది.

మధ్యాహ్నం 12.00
ఉన్నది ఉన్నట్టు రాస్తాను.
కళ్లు మూసి ముద్ర పట్టాను. మొదటిసారి మనసు నిలిచింది. ఎంతగా అంటే, వేళ్లు ఏం చేస్తున్నాయో తెలియలేదు. అవి దిండు కుట్టు విప్పి, పత్తి లాగి, పింజ చూశాయి. నలభై మంది మౌనంగా ఉన్న హాల్లో నా నోరు యార్డు గొంతుతో అరిచింది:
"నీళ్లు సల్లినారు! మూడో రకం! ఎవురప్పా తెచ్చింది?"
కళ్లు తెరిస్తే ఒళ్లో పత్తి కుప్ప. వెనక నుంచి మల్లేశ్వరి మెల్లగా అంది.
"నేనే. రెండు దినాలు కూకోని కుట్టినా."
ఖాళీ గలీబు తీసుకుని ఎమ్మిగనూరు బస్సు ఎక్కేసింది.

నవంబరు 17
ధ్యానం లేదు. తప్పు ముద్రది. అది కనిపెట్టినవాళ్లు పత్తి పనివాళ్లను తలుచుకోలేదు.

సాయంత్రం 6.00
కాదు, తప్పు నాదే. ఆ పత్తి మళ్లీ చూశాను. తూకం పెంచడానికి ఎవరూ నీళ్లు చల్లలేదు. ఆ తడి నా అరచేతి చెమట.

నవంబరు 20
వీరేష్ మళ్లీ వచ్చాడు. అదే దిండు, ఈసారి పట్టుకుంటే గలగల. లోపల పత్తి కాదు, బుడ్డల పొట్టు. వేరుశనగ వలిచి నింపింది. అక్క చెప్పమన్న మాట అప్పజెప్పాడు.
"ఈసారి లాగేదానికి ఏమీ లేదంట. మళ్లా ఒకటో దినం నుంచి మొదలుపెట్టాలంట."

నవంబరు 21. ఉదయం 5.00
ఒకటో రోజు! అలారం కంటే ముందే లేచాను!
5.04: వేళ్ల మధ్యకి పొట్టు వచ్చింది. బాగా ఎండింది. మొదటి రకం. పైకి అనలేదు.
5.06: మెచ్చుకుంటే సంతోషిస్తుంది కదా. ఫోను చేసి చెప్పేశాను.
5.07: మెచ్చుకోలు కూడా రకం చెప్పడమేనట. రేపు మళ్లీ ఒకటో రోజు.
ఫోను పెట్టేసే ముందు మల్లేశ్వరి నవ్వింది. ఆ నవ్వు ఏ రకమో నేను రాయను.