నన్నెక్కించని నీ అమెరికా కారు

బావా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. నీ అమెరికా కారు నిన్న అమ్మేసినాను. కోపమొస్తే ఇప్పుడేటి సేస్తావు?

ఎక్కడిదో పాత తుక్కు కొనుక్కొచ్చి, ఈ మలేసియాలో, బంటింగ్ ఊళ్లో మనింటి ముందు పదకొండేళ్లు విప్పినావు, బిగించినావు. జపాన్ ఇంజను, ఏసీ పెట్టించినావు, ఎర్ర తోలు సీట్లు కుట్టించినావు. అంతా అయ్యాక కూడా నన్ను ఎక్కనివ్వలేదు. "సీట్లు పాడైపోతాయి, బస్సుకెళ్లు" అన్నావు. మా అమ్మకి ఆఖరు ఘడియలని క్లాంగ్ ఆస్పత్రి నుంచి ఫోనొచ్చిన రోజు కూడా అదే మాటన్నావు. నేను బస్సు దిగి వెళ్లేసరికి అమ్మ లేదు. నువ్వు సదవలేవని తెలిసే ఇది రాస్తన్నాను. ఎందుకలాగన్నావని బతికుండగా నీ మొహమ్మీద అడగలేకపోయినాను.

కారు కొనడానికొచ్చిన మలాయ్ ఆయన ఇంజనన్నా సూడకుండా, ముందుగా వెనక తలుపు తీసి వాళ్లమ్మని కూకోబెట్టినాడు. "ఇందులో బాగా తిరిగుంటారు కదా, ఆంటీ?" అని నన్నడిగినాడు. ఒక్కసారీ ఎక్కలేదన్నాను. అమ్మ సంగతీ సెప్పినాను. ఆయన తల దించుకుని, "సారీ, ఆంటీ" అన్నాడు.

తాళాలు ఆయన సేతిలో పెట్టేసినాను. ఆ మాట నువ్వనాల్సింది, బావా.