పొద్దుటి పూట పట్టని బ్రేకు

నార్కట్‌పల్లి,
1964, మాఘ మాసం.

చిరంజీవి రఘుపతిని అమ్మ దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అలా రాయడం ఆనవాయితీ గనుక రాశాను. ఎంతమాత్రం క్షేమమో కిందికి చదువు.

మీ బాపు దగ్గు తగ్గిందా అని అడిగావు, తగ్గింది. పుష్పమ్మ అన్నం తింటోందా అన్నావు. నెలలు నిండుతున్నా నీ భార్య చింతకాయ తొక్కు తప్ప ఏదీ నోట పెట్టడం లేదు. మద్రాసు నుంచి పంపిన బ్రేకు పట్టీలు ఎలా ఉన్నాయని మాత్రం ఒకే ఉత్తరంలో రెండుసార్లు అడిగావు. ఎందుకో అప్పుడు నాకు తట్టలేదు.

ఇస్రాయేలు మేస్త్రీ వాటిని మన టాక్సీకి బిగించిన మర్నాటి నుంచే పొద్దుటి పూట బండి ఆగదు. మీ బాపు ఎంత తొక్కినా జారిపోతూనే ఉంటుంది. మధ్యాహ్నం నల్లగొండ నుంచి తిరిగొచ్చేసరికి మాత్రం తాడేసి లాగినట్టు నిలబడుతుంది. ఎవరి చేతులూ పడకుండా ఇలా జరుగుతుందా? మన గిరాకీ చూసి ఏడ్చే టాక్సీ మైసయ్య ఉన్నాడుగా! వాడు ఇస్రాయేలుతో కలిసి మంచి పట్టీలు మార్పించాడనుకున్నాను. ఇస్రాయేలును మొహం మీదే అడిగేశాను.

"అక్కా, గింత మాటంటవా? నీ కొడుకు పంపినయే ఏసిన," అని సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ తప్పూ లేకపోతే అంత కోపమెందుకు అనుకున్నాను.

నేనూరుకుంటానా! రాత్రుళ్లు మైసయ్య వచ్చి బండికి ఏమైనా చేస్తున్నాడేమోనని, పొద్దుగూకగానే నాలుగు చక్రాల చుట్టూ ముగ్గు వేశాను. ఎవడు అడుగు పెట్టినా చెరగాలి. తెల్లారి చూస్తే ఒక్క గీతా చెరగలేదు. అయినా బ్రేకు పడలేదు.

ఇక దాచింది చెబుతాను. ఆ పొద్దున కారులో పుష్పమ్మ ఉంది. ముగ్గు చెరగలేదు గదా, ఇక భయం లేదనుకుని దవాఖానలో చూపిద్దామని బయల్దేరాం. గొర్ల మంద అడ్డమొచ్చింది. బండి ఆగక జంగమ్మ చొప్పకుప్పలోకి దూరింది. పుష్పమ్మ పొట్ట ముందు సీటుకు తగిలింది. "అత్తమ్మా, నా బిడ్డ!" అని అరిచింది. డాక్టరమ్మ చూసి బిడ్డకేమీ కాలేదంది. నీకు రాయొద్దని పుష్పమ్మ నాతో ఒట్టు వేయించుకుంది.

మీ బాపు పోయి ఇస్రాయేలును బతిమాలి తెచ్చాడు. అతను చక్రం విప్పి చూశాడు.

"అక్కా, గివి పందెం కార్లకేసేటియి. మస్తు వేడెక్కితెనే పట్టుకుంటయి. పొద్దుగాల సల్లగున్నప్పుడు గీ రోడ్ల మీద జారుడే. రఘుపతికి ఎరుక లేదా?"

అరిగినవైనా పాతవే మళ్లీ బిగించి, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

పుష్పమ్మ ఇక ఆ కారెక్కనంటోంది. "నొప్పులస్తె ఎడ్లబండిల పోత అత్తమ్మా, గా కారు మాత్రం వద్దు," అంటోంది. పదిమైళ్ల దూరం, ఆ గతుకుల్లో!

నువ్వు పనిచేసేదే పందెం కార్ల షెడ్డులో. ఊరందరినీ అనుమానించాను కొడుకా, నిన్నొక్కడినే వదిలేశాను. తెలియక పంపావా? తెలిసీ, ఊరికే దొరికాయని పంపావా? కాగితం మీద ఏదైనా రాయొచ్చు. రాయకు. వచ్చి నీ భార్య మొహం చూస్తూ చెప్పు.

ఇట్లు,
మీ అమ్మ
కృష్ణమ్మ