ఉత్తరం చదివాకే పొట్లం విప్పు

రావులపాలెం,
29 మే 2025.

చిరంజీవి సౌభాగ్యవతి హేమశ్రీకి,

వెంకటదుర్గ పిన్ని దీవించి రాస్తున్న ఉత్తరం. పాలకొల్లులో నువ్వూ మీ అత్తగారూ ఆ రామలింగేశ్వరుడి దయతో కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ ఎండకు మాడిపోతూ క్షేమంగానే ఉన్నాం.

నేనెవరో గుర్తొచ్చిందా? మొన్న ఆదివారం రాజమండ్రి ఫంక్షన్ హాల్లో, బిజినెస్ కోచ్ మీటింగులో, ఆఖరి వరసలో నీ పక్కన కూర్చున్నదాన్ని. చుట్టరికం లేకపోయినా పిన్నిగారూ అని నోరారా పిలిచావు. మీ కాజాల కొట్టు కార్డు నా చేతిలో పెట్టి, గాజులు తాకట్టు పెట్టయినా ఈయన దగ్గర ఏడాది కోర్సులో చేరిపోదామనుకుంటున్నానండీ, మీరేమంటారండీ అని అడిగావు. అప్పుడు నీ కార్డు సంచిలో వేసుకుని వచ్చేశాను. ఫోన్ చేద్దామంటే మా ఇంట్లో వినే చెవులున్నాయి. అందుకే ఈ ఉత్తరం. దీంతోపాటు మా వీధి సత్తిరాజు గారు ఒక పొట్లం కూడా ఇస్తారు. ఉత్తరం పూర్తిగా చదివాకే దాన్ని విప్పు.

నా మాట ఒక్కటే. చేరకు.

ఆ మనిషిని చూశావుగా? రోహిణి కార్తెలో కోటు! చెమట కారి చొక్కా వీపుకు అంటుకుపోతున్నా నవ్వు మాత్రం చెదరనివ్వడు. ఎప్పటి కోటో అది, బొత్తాం పెట్టాలంటే ఊపిరి బిగబట్టాలి. అసలు పేరు సత్యప్రసాద్. బ్యానర్ మీద మాత్రం ఎస్పీ సర్. చెప్పిన ముక్కలన్నీ ఫోన్లో వీడియోలు చూసి బట్టీపట్టినవే. అద్దం ముందు నిలబడి చేతులు తిప్పడం కూడా ప్రాక్టీసు చేస్తాడు, నన్నడుగు.

అందరినీ కళ్లు మూసుకుని దుబాయ్‌లో తమ బ్రాంచిని ఊహించుకోమన్నాడు. నేను మూసుకోలేదు, చుట్టూ చూశాను. ఇడ్లీబండి ఆయన, టైలరింగ్ షాపు ఆవిడ, మొక్కలమ్మే ఆశీర్వాదం గారు, అందరూ బుద్ధిగా కళ్లు మూసుకున్నారు. ఆశీర్వాదం గారైతే గురక కూడా పెట్టారు. ఆయన ఎంత లోతుకు వెళ్లిపోయారో చూడండి అని ఈ మహానుభావుడు హాలంతా చప్పట్లు కొట్టించాడు. నువ్వూ కొట్టావు.

అదైనా నవ్వుకుని ఊరుకుందును. కొట్టుకొచ్చినవాళ్లకు రుచి చూడమని ముక్క పెట్టడం లీకేజీ అట! అందువల్ల ఏడాదికి ఎంత నష్టమో బోర్డు మీద రాసి చూపించాడు. నువ్వేమో గబగబా పుస్తకంలోకి ఎక్కించుకున్నావు. బుద్ధుండక్కర్లేదూ? మన గోదావరి జిల్లాల్లో చేతిలో కాజా పెట్టకుండా కిలో తూచే కొట్టు ఎక్కడైనా చూశావా? మనవాళ్ల సంగతి నీకు తెలియదూ. పెడితే వద్దండీ వద్దండీ అంటారు, పెట్టకపోతే కొనకుండా పోతారు.

ఇక్కడ అరటి మార్కెట్ దగ్గర నాకు బాగా తెలిసిన కాజాల కొట్టు ఒకటి ఉండేది. గెలలు అమ్ముకున్న రైతులు ఆగి, ఒక ముక్క నోట్లో వేసుకుని, పిల్లలకు పొట్లం కట్టించుకుని వెళ్లేవారు. ఆ కొట్టాయన ఇలాంటి కోచ్ ఒకడికి డబ్బు పోసి, వాడు చెప్పాడని ముక్క మానేశాడు. రుచి చూపబడదు అని బోర్డు కూడా తగిలించాడు. ఎప్పుడూ వచ్చే పెద్దాయన ఒకరు అలవాటుగా చెయ్యి చాపి, బోర్డు చదివి, ఏంటండీ, ముక్క తిని పారిపోతామనుకున్నారా అని చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆయన మళ్లీ రాలేదు. ఆయన చెప్పినవాళ్లెవరూ రాలేదు. కొట్టు మూతపడింది. నీ కొట్టుకు అదే పాఠం గాజులు పెట్టి కొనుక్కుంటావా?

ఎదురుగా ఏసీ బేకరీ వచ్చాక బేరాలు తగ్గాయన్నావు. నీ సంచిలోంచి ఒక కాజా తీసి నాకు పెట్టావు కదా, నిజం చెప్పనా? పొర విడలేదు. పాకం లోపలికి దిగలేదు. నా పన్ను ఊడి చేతికొస్తుందేమోనని భయపడ్డాను. మీ స్వీటు మాస్టారు మానేశాడని, నువ్వూ మీ అత్తగారూ ఎలాగో నెట్టుకొస్తున్నారని నువ్వే చెప్పావు. రోగం మూకుడు దగ్గరుంటే మందు ఆ కోటు జేబులో వెతుకుతావేంటి? దుబాయ్ మాట తర్వాత, ముందు మీ గుడి వీధిలో కాజా మెత్తగా ఉండాలి. గాజులు చేతికే ఉంచుకో.

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ మేలు కోరే
వెంకటదుర్గ

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. నీకు సగమే చెప్పాను. మూతపడిన ఆ కొట్టు మాది. ముక్క మానేసిన కొట్టాయన ఈ సత్యప్రసాదే, మా ఆయన. ఆ కోటు మా పెళ్లికి కుట్టించింది. హాల్లో కుర్చీలు ఖాళీగా కనబడకూడదని నన్నూ తీసుకొచ్చి ఆఖరి వరసలో కూర్చోబెట్టారు. తనను ముంచిన పాఠాన్నే ఊరూరా అమ్ముకుంటున్నారు. ఇంకొకరి కొట్టు మా ఆయన వల్ల మూతపడితే నేను చూడలేనమ్మా. మళ్లీ పొయ్యి దగ్గర నిలబడాలంటే ఆయనకు సిగ్గు. ఇంతసేపూ తిట్టాను గానీ, ఈ నాలుగు మాటలూ రాసేసరికి ఏడుపొచ్చింది.

ఇప్పుడు పొట్లం విప్పు. నిన్న మా తమ్ముడి కూతురి ఓణీల ఫంక్షన్‌కు, బయటివాళ్లు చూడకుండా వంటింటి తలుపు వేసుకుని, ఆయన చేసిన కాజాలు అవి. కోచ్‌గా వద్దు. మీ కొట్లో మాస్టారుగా పెట్టుకుంటావా? నేను రాశానని చెప్పకు, నీ అంతట నువ్వే పిలిచినట్టు పిలువు. జవాబుకు తొందరేం లేదు. ముందు ఒక ముక్క నోట్లో వేసుకో.