వెనక సీటు నుంచి చూసిన దారి

తొకుయోకు,

అందరం క్షేమంగా ఇనా లోయ చేరాం. కారు అల్లుడే నడిపాడు, బెంగపడకు. నేను తొలిసారి వెనక సీటులో మనవరాలు చినాత్సు పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా ఇళ్ల చూరులకు ఎండడానికి కట్టిన పెర్సిమన్ పండ్ల దండలే! ఇవి ఎప్పటినుంచి కడుతున్నారని అడిగాను.

“ముప్ఫై ఏళ్లు మీరు నడిపిన దారేగా మామయ్యా, ఏం చూశారు?” అన్నాడు అల్లుడు.

“ముందు పోయే లారీ వీపు.”

చినాత్సు పకపకా నవ్వింది. “ఇంకా ఏమేం చూళ్లేదో రేపు వెతుకుదాం తాతయ్యా!” నాకూ అదే ఆత్రంగా ఉంది.

మిసో జాడీ మూత తియ్యకు, సోయా ముద్ద ఇంకా పులియాలి. మోకాలికి కాపడం మానకు. పిల్లలు నిన్ను అడిగామని చెప్పమన్నారు.

ఈ వయసులో ఇక కారు నడపొద్దు, లైసెన్సు పోలీసులకు వాపసు ఇవ్వమని పోరుతున్నావుగా, ఇచ్చేస్తాను. ఎదురుగా చెప్పడానికి నోరు రాక కార్డు రాస్తున్నాను. పోలీసు స్టేషనుకు తోడు రా, బస్సులో వెళదాం. ఒక్కణ్ణే పంపితే మళ్లీ కారు నడుపుకుంటూనే వెళతాను.

నీ
కిహేయి