మూతలు మారిన కేక్

శనివారం రాత్రి, గుణదల

కొత్త వంటలు ప్రయత్నించాలంటే ముందు వంటిల్లు పద్ధతిగా ఉండాలి కదా! పొద్దున పిండులన్నీ ఒకేలాంటి స్టీలు డబ్బాల్లో పోసి, పేర్లు రాసి మూతల మీద అంటించాను. తర్వాత మూతలన్నీ తీసి తుడిచి, మళ్ళీ పెట్టాను. ఆ తుడవడమే కొంప ముంచింది.

సాయంత్రం పెరుగు, సోడా వేసి కేక్ చేశాను. ఓవెన్‌లోంచి ఎర్రగా, గట్టిగా ఒక దిమ్మ బయటికొచ్చింది. అమ్మ ముక్క తుంచి అల్లప్పచ్చడి నంజుకుంది.

"దిబ్బరొట్టె ఎప్పుడు నేర్చుకున్నావురా? ఉప్పొక్కటే మర్చిపోయావు, అంతే!"

పరుగెత్తి డబ్బాలు రుచి చూశాను. మైదా మూత కింద మినప్పిండి, పంచదార పొడి మూత కింద బియ్యప్పిండి!

నిజం చెబుదామని వచ్చేసరికి అమ్మ హనుమాన్ జంక్షన్‌లోని పిన్నితో ఫోన్లో ఉంది. "రేపు వచ్చెయ్యవే, మావాడు దిబ్బరొట్టె చేసిపెడతాడు. అచ్చం మనమ్మ చేసినట్టే ఉందే!" అంటూ కళ్ళు తుడుచుకుంది. ఇంకేం చెబుతాను?

ఇందాక మూతలు సరిచేద్దామని వెళ్ళి, ఆగిపోయాను. రేపటి దాకా అలాగే ఉండనీ. దిబ్బరొట్టె చెయ్యడం నాకు రాదు. కేక్ చెయ్యడమే వచ్చు.