నేను మింగేసిన మాట

గుమ్మలక్ష్మీపురం,
9 మార్చి 2004.

చిరంజీవి విల్సన్‌ను ప్రభువు చల్లగా కాపాడాలని కోరుకుంటూ నాన్న రాసేది. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాలు మాత్రం కొండ ఎక్కేటప్పుడు పేచీ పెడుతోంది. విశాఖపట్నంలో నువ్వూ, బుధూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా ఉత్తరంలో బుధు పేరు రావడం ఇదే మొదటిసారి. ఆరేళ్లు పట్టింది, నీకు నవ్వొస్తే నవ్వుకో.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. చింతపండు ఈసారి బాగానే దిగింది కానీ సంతలో ధర లేదు. కొండచీపుర్లు మీ అమ్మే కోసి కట్టలు కట్టింది. నా రిటైర్‌మెంట్ వచ్చే జూన్‌లో. ఇంగ్లీషు పీడ వదులుతుందని ఆశ్రమ పాఠశాల పిల్లలు ఇప్పటినుంచే రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. మీ రత్నాలత్త బాగుంది. ఆమె ఎలా ఉందని నువ్వు అడిగావు చూడు, అది చదివి నాకు సిగ్గేసింది. ఎందుకో కింద రాస్తాను.

చివర్లో ఇంకో ప్రశ్న అడిగావు. "ఆ కేరళ అయ్యగారి మాటలు మా అందరికీ చెప్పడానికి నీకు నోరెలా వచ్చింది నాన్నా? చర్చి గుమ్మం చూస్తే ఇప్పటికీ అవే వినపడతాయి. అందుకే వెళ్లడం మానేశాను" అన్నావు. దీనికి జవాబు రాయబోయి మూడు కాగితాలు చింపేశాను.

ముందు మొన్నటి సంగతి చెబుతాను. ఫిబ్రవరిలో మన చర్చిలో ఉజ్జీవ కూటాలు జరిగాయి. మైదానం నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. ఆయన తెలుగులో చెబుతుంటే, ఎప్పటిలాగే పక్కన నిలబడి సవర భాషలో చెప్పడం నా పని. రెండో రోజు ఆయన కరపత్రాలు పంచి, మగవాళ్లతో కాపురం చేసే మగవాళ్ల మీద పడ్డాడు. అది విదేశాల నుంచి వచ్చిన రోగమనీ, పిల్లలకు అంటుకుంటుందనీ, అలాంటివాళ్లను ఊళ్లో ఉండనివ్వకూడదనీ అన్నాడు. నేను నోరు తెరవలేదు. ఆయన అదే మాట మళ్లీ గట్టిగా అన్నాడు. ముందు వరసలో కూర్చున్న సంఘపెద్ద సోంబరు, "ఏటి మాస్టారూ, ఆగిపోనావు? బేగి సెప్పు" అన్నాడు.

"ఈ మాట నేను చెప్పను. నా కొడుకు అలాంటివాడే. వాడికి ఏ రోగమూ లేదు. వాడు సాలూరు దాటి లోకం చూడకముందే అలా ఉన్నాడు, విదేశాల నుంచి ఎవరొచ్చి నేర్పారు? వాడివల్ల చెడిపోయిన పిల్లవాణ్ని ఈ ఊళ్లో ఒక్కణ్ని చూపించండి" అన్నాను. ముందు తెలుగులో, తర్వాత సవరలో. అక్కడితో ఊరుకుంటే కొందరైనా నన్ను మంచి తండ్రి అనుకునేవారేమో. ఊరుకోలేకపోయాను.

విల్సన్, నీకు తెలియనిది ఇప్పుడు రాస్తున్నాను. తొంభై ఎనిమిదిలో, "సంబంధాలు చూడొద్దు నాన్నా, నేను బుధుతోనే ఉంటాను" అని నువ్వు చెప్పిన వారానికి మన చర్చిలో అలాంటి కూటాలే జరిగాయి. అప్పటికే సంతలో గుసగుసలు మొదలయ్యాయి. కేరళ నుంచి వచ్చిన పాస్టరు అయ్యగారు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే నేను సవరలో చెప్పాను. చర్చి మొత్తంలో ఆయన ఇంగ్లీషు అర్థమయ్యేది నా ఒక్కడికే. ఆయన అది పాపమే అన్నారు. ఆ వెంటనే, "అయినా కన్నవాళ్లు తలుపు మూయకండి, బిడ్డను వదులుకోకండి" అని కూడా అన్నారు. ఆ రెండో మాట నేను మింగేశాను. దాని చోట, "కన్నబిడ్డయినా తలుపు తీయకండి, మంచినీళ్లు కూడా ఇవ్వకండి" అని నా మాట పెట్టాను. ఊరు నన్ను వేలెత్తి చూపకముందే నేనే నిన్ను అనేస్తే నా పరువు నిలుస్తుందనుకున్నాను. వెనక వరసలోంచి నువ్వు లేచి వెళ్లడం చూశాను. చూస్తూనే తర్వాతి వాక్యం చెప్పాను.

ఇదంతా మొన్న అందరి ముందూ ఒప్పుకున్నాను. రత్నాలక్క ఒక్కతే లేచింది. "దేవుడి మాటనుకున్నాను తమ్ముడా. ఆ సాయంత్రం నీ గుంటడు దాహమని నా గుమ్మంలోకొస్తే నీళ్ల సెంబు లోపలెట్టేసి తలుపేసుకున్నాను. అది నీ మాటా?" అంది. తోడబుట్టినదాని మొహం చూడలేక తల దించుకున్నాను.

పెద్దలు నన్ను సవరలో చెప్పే పని నుంచి తీసేశారు. సోంబరు ఎదురుపడితే పక్కదారి పడుతున్నాడు. అది పెద్ద బాధ కాదు. మీ అమ్మ నాతో మాట్లాడటం మానేసింది, అదే బాధ. అన్నం వడ్డించి అటు తిరిగి కూర్చుంటోంది. ఇన్ని రోజుల్లో ఒక్క మాటే అడిగింది, "ఆడికి రాసినావా?" అని.

రాశాను. ఇది బుధుకు కూడా చదివి వినిపించు. నిన్ను రమ్మని అడిగే హక్కు నేనే పోగొట్టుకున్నాను. నువ్వు రాకపోయినా, ఇకమీదట నన్ను నాన్నా అని పిలవకపోయినా, ఒక్కటి మాత్రం తెలుసుకో. నీకు మంచినీళ్లు కూడా ఇవ్వొద్దన్నది నీ దేవుడు కాదు బాబూ, నేను.

ఇట్లు,
మీ ఇద్దరి క్షేమం కోరే
నాన్న