నీటికాకి మునిగిన చెరువు

ఏమయ్యా,

వల విడిపించడానికి చెరువులో మునిగిన నువ్వు ప్రాణంతో పైకి రాక రేపటికి ఏడాది. ఇప్పుడు నీ పుట్టి వేసుకుని నీ తమ్ముడు దావీదే చేపలకు పోతున్నాడు. కోయిలకుంట్లకు అమ్మకానికి తీసుకుపోయేదీ వాడే.

ఈసారి నీళ్లలో నిలిచిన తుమ్మచెట్ల మీద నీటికాకులు గూళ్లు కట్టాయి. నువ్వు చూసుంటే బాగుండేది. ఆ నల్లటి పక్షి మునిగి, నీళ్ల అడుగునే చేపను తరుముతుంది. మునిగిన చోట తేలదు. ఎక్కడో దూరంగా, ముక్కున చేపతో లేస్తుంది. అది లేచేదాకా గట్టున నాకు ఊపిరాడదు.

ఈ పొద్దున ఒకటి లేవలేదు. నీళ్ల మీద తేలే వల బెండ్లు ఊగాయి, అది వలలో చిక్కుకుంది. పుట్టిలో ఉన్న దావీదు చొక్కా విప్పాడు.

"దిగొద్దప్పా. పోతే పోనీ" అని అరిచాను.

"గూట్లో పిల్లలుండాయి వదినా" అని దూకేశాడు.

నీళ్లు మూసుకున్నాయి. కాసేపటికి పుట్టి అవతల వాడి తల లేచింది. చేతిలో పక్షి ఉంది.

గట్టుకొచ్చి దాన్ని బండ మీద వదిలాడు. బాతుల మాదిరి కాదు, దీని ఈకలు నీళ్లు పీల్చుకుంటాయి. ఆరేదాకా సరిగా ఎగరలేక, రెక్కలు చాపుకుని నిలబడింది. నేను ఇంకా నీళ్లవైపే చూస్తున్నాను.

"వచ్చినా కదా వదినా, ఇంకా ఎవురి కోసం చూస్తాండావు?" అన్నాడు దావీదు.

చర్చి వెనక సమాధుల తోటలో నీ మీద మన్ను వేసిందాన్ని నేనే. అయినా, నువ్వు కూడా ఎక్కడో దూరంగా లేస్తావేమోనని చూస్తున్నానని వాడికెట్లా చెప్పను?